వేలంలో పాత అమెరికన్ కారు: పలికిన ధర చదవడం, మీ పాట హద్దు కట్టుకోవడం ఎలా

జనవరి వచ్చిందంటే నాకు మెసేజ్‌లు మొదలవుతాయి. అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో బారెట్-జాక్సన్ వేలం, ఫ్లోరిడాలోని కిసిమీలో మీకమ్ వేలం, రెండూ ఆ నెలలోనే. టీవీలో చూసినవాళ్లు అడిగేది దాదాపు ఒకే మాట. "అన్నా, నిన్న 67 ఫోర్డ్ మస్టాంగ్ లక్షా ఎనభై వేల డాలర్లకి పోయింది. మా ఇంటి దగ్గర ఒకాయన అదే బండి నలభై వేలకి ఇస్తానంటున్నాడు, తీసేసుకోనా?" ఇంకొందరు, "అరవై వేలు పక్కన పెట్టాను, అరవై దాకా పాడొచ్చు కదా?" అంటారు.

ఇద్దరికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను. వేలంలో పలికిన అంకె ఆ మోడల్ మొత్తానికి కట్టిన ధర అనుకోకండి. ఆ రోజు, ఆ హాల్లో, ఆ కాగితాలతో, ఆ స్థితిలో ఉన్న ఆ ఒక్క బండి కోసం ఇద్దరు పోటీపడితే వచ్చిన అంకె అది. మీరు చూస్తున్న బండికి దాన్ని అతికించాలంటే మధ్యలో కొంత పని ఉంది. ఆ పని ఎలా చేయాలో కిందున్నది.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం లేదా స్ప్రెడ్‌షీటు.
- అమ్ముడుపోయిన ధరలు చూసుకోవడానికి: వేలం సంస్థల సొంత ఫలితాల పేజీలు, పాత కార్ల బీమా సంస్థ హ్యాగర్టీ ఇచ్చే వాల్యుయేషన్ పట్టిక, క్లాసిక్ డాట్ కామ్, బ్రింగ్ ఎ ట్రైలర్ అనే ఆన్‌లైన్ వేలం సైటులో పాత వేలాల చరిత్ర.
- ఆ మోడల్ విన్ నంబరు విప్పే పట్టిక. మన దగ్గర చాసిస్ నంబరు అంటామే, దాదాపు అదే.
- బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు: మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం, నేల మీద పడుకోవడానికి ఒక దుప్పటి. పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటే మంచిది.
- కనీసం రెండు నెలల సమయం. ఇది లేకపోతే మిగతావి ఉన్నా ఉపయోగం తక్కువ.

1. ఏ బండి కావాలో ఒకే వాక్యంలో రాయండి

"పాత మస్టాంగ్" అని రాస్తే ధర కట్టలేరు. "1965 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్, 289 ఇంజన్, ఏ కోడ్, నాలుగు గేర్ల మాన్యువల్, నడుపుకునే స్థితి" అని రాస్తే కట్టగలరు. (ఫాస్ట్‌బ్యాక్ అంటే పైకప్పు వెనక్కి వాలిన బాడీ. 289 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ పరిమాణం. ఏ కోడ్ ఏమిటో కింద విన్ దగ్గర చెబుతాను.) సంవత్సరం, బాడీ రకం, ఇంజన్, గేర్‌బాక్స్, స్థితి, ఈ ఐదూ ఉండాలి. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న మార్కెట్లోకి వచ్చింది. 1966 పూర్తయ్యేలోపే పది లక్షలు దాటి తయారయ్యాయి. కాబట్టి మస్టాంగ్ దొరకడం కష్టం కాదు. మీరు రాసుకున్న ఐదు లక్షణాలూ ఒకేచోట ఉన్న మస్టాంగ్ దొరకడమే కష్టం. ధరల్లో తేడా పుట్టేది అక్కడే.

2. విన్ నంబరు విప్పండి

1981 మోడళ్ల నుంచి అమెరికాలో అన్ని కార్లకూ 17 అక్షరాల విన్ వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఇది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, తర్వాత వేల డాలర్లు కాపాడుతుంది.

మస్టాంగ్‌తో మొదలుపెడదాం. విన్ 5ఎఫ్09ఏ అని మొదలైందనుకోండి. 5 అంటే 1965. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ (ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే మెటచెన్). 09 అంటే ఫాస్ట్‌బ్యాక్, 07 అయితే హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు), 08 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేయగలిగేది). ఐదో అక్షరం ఇంజన్. ఏ అంటే 225 హార్స్‌పవర్ 289. సి అంటే 200 హార్స్‌పవర్ 289. టి అంటే ఆరు సిలిండర్లది. కె అంటే అందరూ వెతికే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్ 289.

మా మిత్రుడొకరు ఫెండర్ మీద హై పెర్ఫార్మెన్స్ బ్యాడ్జీ చూసి ముచ్చటపడి, ఒక బండి ఫొటోలు పంపి ధర అడిగారు. విన్‌లో ఐదో అక్షరం సి. బ్యాడ్జీ ఎవరైనా కొనుక్కుని అతికించుకోవచ్చు. విన్‌లో కె లేని బండిని కె బండిగా అమ్మలేరు. ఆ ఒక్క అక్షరం చూసి ఆయన ఆగారు.

క్రైస్లర్ వాళ్లవి కూడా ఇలాగే మాట్లాడతాయి. 1971 ప్లిమత్ విన్ బిఎస్27ఆర్1బి అని ఉంటే: బారకూడా, 27 అంటే కన్వర్టిబుల్, ఆర్ అంటే 426 హెమీ అనే పెద్ద ఇంజన్, 1 అంటే 1971, చివరి బి అంటే హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. ఆ "ఆర్" స్థానంలో ఇంకో అక్షరం ఉంటే ధరలో ఒక సున్నా ఎగిరిపోవచ్చు.

షెవర్లే దగ్గర మాత్రం జాగ్రత్త. 1966 నుంచి 68 దాకా షెవెల్ ఎస్‌ఎస్ 396 (ఎస్‌ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, షెవెల్‌లో వేగం కోసం కట్టిన రకం) విన్ 138తో మొదలవుతుంది, విన్ చూస్తే ఎస్‌ఎస్ అని తెలుస్తుంది. 1969 నుంచి ఎస్‌ఎస్ ఒక ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది. అంటే 1970 షెవెల్ విన్ మీద ఎస్‌ఎస్ అని తెలిసే గుర్తు ఏదీ ఉండదు. షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబూకి చారల పెయింటు వేసి, బ్యాడ్జీలు పెట్టి, 454 ఇంజన్ దించిన బండ్లు అందుకే అన్ని తిరుగుతున్నాయి. పాంటియాక్ జీటీఓది తలకిందులు: 1964, 65లో అది ఆప్షన్, 1966 నుంచి సొంత మోడల్, విన్ 242తో మొదలవుతుంది.

3. కాగితాలు ఏమున్నాయో అడగండి

విన్ చెప్పలేనిది కాగితం చెప్పాలి. ఏ కంపెనీకి ఏ కాగితం దొరుకుతుందో తెలిస్తే, "పోయింది" అన్న జవాబుని ఎప్పుడు నమ్మొచ్చో తెలుస్తుంది.

ఫోర్డ్: 1967 నుంచి వచ్చిన బండ్లకు మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. ఫోర్డ్ రికార్డుల నుంచి తీసిందే అది. రంగు, ఇంజన్, ఆప్షన్లు, ఏ డీలరుకు వెళ్లిందీ అన్నీ ఉంటాయి. విన్ ఉంటే మీరే డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు, అమ్మేవాళ్ల మీద ఆధారపడక్కర్లేదు. 1967 మస్టాంగ్ జీటీ అవునో కాదో విన్ చెప్పదు, మార్టీ చెబుతుంది. షెల్బీ (క్యారల్ షెల్బీ కంపెనీ మరింత వేగంగా మార్చి అమ్మిన మస్టాంగ్) అయితే షెల్బీ అమెరికన్ ఆటోమొబైల్ క్లబ్ రిజిస్ట్రీలో నంబరు సరిచూడండి. 1967 షెల్బీ జీటీ500లు తయారైనవి 2,048. షెల్బీ వేషం కట్టిన మామూలు ఫాస్ట్‌బ్యాక్‌లు చాలానే కనిపిస్తాయి.

పాంటియాక్: ఫ్యాక్టరీ రికార్డులు నిలిచాయి. పీహెచ్‌ఎస్ అనే సంస్థ దగ్గర అడిగితే బండి అసలు బిల్లింగ్ వివరాలు వస్తాయి. కాబట్టి పీహెచ్‌ఎస్ కాగితం లేని 1965 జీటీఓని చూపిస్తూ "కాగితాలు ఎక్కడో ఉన్నాయి" అని ఎవరన్నా అంటే, మీరే తెప్పించుకోండి. తెచ్చుకోగలిగిన కాగితాన్ని తేకుండా అమ్ముతున్నారంటే కారణం అడగాలి.

క్రైస్లర్, డాడ్జ్, ప్లిమత్: బానెట్ కింద ఫెండర్ ట్యాగ్ అనే కోడ్‌ల పలక, సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో దొరికే బ్రాడ్‌కాస్ట్ షీటు అనే ఫ్యాక్టరీ కాగితం. రెండూ ఒకే మాట చెప్పాలి.

షెవర్లే: ఇక్కడే కష్టం. కెనడాలో కొత్తగా అమ్మిన బండ్లకు షెవర్లే మాతృసంస్థ జీఎం కెనడా శాఖ నుంచి రికార్డు దొరుకుతుంది. అమెరికాలో అమ్మినవాటికి అలాంటిది లేదు. ఫ్యాక్టరీలో బండి కట్టడానికి వాడిన బిల్డ్ షీటు, కొత్తప్పుడు అద్దానికి అతికించిన విండో స్టిక్కరు, వారంటీ కోసం ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే లోహపు పలక, వీటిలో ఏది ఉన్నా విలువే. కార్వెట్ అయితే 1967 నుంచి పెట్రోలు ట్యాంకు మీద అతికించిన కాగితం, ఇంకా ఎన్‌సీఆర్‌ఎస్ అనే కార్వెట్ క్లబ్ తీర్పు పత్రాలు అడగండి.

ఇప్పుడు "నంబర్స్ మ్యాచింగ్" గురించి. ఈ మాట విన్నప్పుడల్లా "ఏ నంబర్లు?" అని అడగండి. ఇంజన్ బ్లాకు మీద కొట్టిన నంబరు బండి విన్‌తో కలిస్తేనే ఆ మాటకు అర్థం. కార్వెట్‌లో కుడివైపు సిలిండర్ హెడ్‌కు ముందు చిన్న చదును భాగం ఉంటుంది, నంబరు అక్కడే. దాని చివరి అంకెలు విన్ చివరి అంకెలతో సరిపోవాలి. అయితే పాత నంబరు గీకేసి కొత్తది కొట్టే మోసం కూడా ఉంది. ఫ్యాక్టరీ చదును చేసినప్పుడు ఆ లోహం మీద సన్నటి సమాంతర గీతలు పడతాయి. గీతలు లేకుండా అద్దంలా నున్నగా ఉన్నా, గుండ్రంగా రుద్దిన గుర్తులు ఉన్నా, తెలిసినవాళ్లకు చూపించకుండా ముందుకు వెళ్లకండి.

కేటలాగ్ భాష కూడా కొంచెం నేర్చుకోవాలి. "ట్రిబ్యూట్", "రీక్రియేషన్" అంటే అసలుది కాదని నిజాయితీగా చెప్పినట్టే. "డేట్ కోడ్ కరెక్ట్ ఇంజన్" అంటే ఆ కాలపు ఇంజనే గాని ఆ బండితో పుట్టింది కాదు. "బిలీవ్డ్ టు బి" అంటే రుజువు లేదు. "టీఎంయూ" అంటే అసలు మైళ్లు తెలియవు. పాత ఓడోమీటర్లలో ఐదు అంకెలే ఉండేవి, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. 42 వేలు చూపిస్తుంటే అది 42 వేలో, లక్షా 42 వేలో సర్వీసు బిల్లులే చెప్పాలి.

4. అమ్ముడుపోయిన ధరలు పోగు చేయండి, కొన్నింటిని తీసేయండి

మీ ఒక్క వాక్యానికి దగ్గరగా ఉన్నవి కనీసం ఎనిమిది, కుదిరితే పన్నెండు అమ్మకాలు రాసుకోండి. గత 18 నెలల లోపువైతే మేలు. ఒక్కోదానికీ తేదీ, వేలం సంస్థ, స్థితి, కాగితాలు, రిజర్వు (ఇంతకు తక్కువైతే అమ్మనని అమ్మేవాళ్లు పెట్టే అంకె) ఉందా లేదా, ధర. ఇక్కడ నాలుగు తప్పులు మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

మొదటిది, సుత్తి ధరనీ మొత్తం ధరనీ కలిపేయడం. పాట ముగిసి సుత్తి పడ్డ అంకె మీద కొనేవాళ్లు సంస్థకు ఫీజు కట్టాలి. 2020 జనవరిలో కిసిమీలో, స్టీవ్ మెక్‌క్వీన్ సినిమాలో నడిపిన 1968 మస్టాంగ్‌కి సుత్తి పడింది 34 లక్షల డాలర్ల దగ్గర. కొన్నవాళ్లు ఇచ్చింది 37 లక్షల 40 వేలు. రెండు అంకెలూ వార్తల్లో వచ్చాయి, రెండూ నిజమే. పెద్ద హాలు వేలాల్లో ఫీజు 10 శాతం దగ్గర్లో ఉంటుంది, కొన్నిచోట్ల ఎక్కువ. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి ఆన్‌లైన్ వేలంలో 5 శాతం, దానికి ఒక గరిష్ఠ పరిమితి. ఈ నిబంధనలు మారుతుంటాయి, ప్రతిసారీ చదవండి. మీ పట్టికలో అన్నీ ఒకే రకంగా, ఫీజు కలిపిన ధరగా రాయండి.

రెండోది, అమ్ముడుపోని పాటని ధరగా లెక్కించడం. 2021లో ఇండియానాపొలిస్ మీకమ్ వేలంలో ఒక 1971 హెమీ 'కూడా' (పైన చెప్పిన బారకూడాలోనే ఒక రకం పేరు) కన్వర్టిబుల్ 48 లక్షల డాలర్ల దాకా వెళ్లి, అమ్మకం కాకుండా వెనక్కి వెళ్లింది. అలాంటి కన్వర్టిబుల్స్ 1971లో తయారైనవే 11. "48 లక్షలు పలికింది" అని చెప్పుకుంటారు గానీ, ఆ డబ్బు చేతులు మారలేదు. పైగా రిజర్వు వచ్చేదాకా అమ్మేవారి తరఫున సంస్థే పాట పెంచుకోవచ్చని చాలా వేలం నిబంధనల్లో రాసి ఉంటుంది. అమ్ముడుపోనివి వేరే కాలమ్‌లో పెట్టండి.

మూడోది, విరాళం కోసం అమ్మిన బండ్లు. 2020 జనవరిలో స్కాట్స్‌డేల్‌లో కొత్త మిడ్-ఇంజన్ కార్వెట్ మొదటి నంబరు బండి 30 లక్షల డాలర్లకు పోయింది. అప్పుడు ఆ కారు ధర షోరూములో 60 వేల లోపే మొదలయ్యేది. డబ్బంతా డెట్రాయిట్ పిల్లల చదువు కోసం వెళ్లింది. బాలాపూర్ లడ్డూ వేలం తెలిసిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఆ పాట ఊరి కోసం, ఆ గౌరవం కోసం. దాన్ని బట్టి లడ్డూ కిలో రేటు కట్టం కదా.

నాలుగోది, పేరున్న మనిషి బండి. గ్యారీ కూపర్ వాడిన 1935 డ్యూసెన్‌బర్గ్ ఎస్‌ఎస్‌జే 2018లో పెబుల్ బీచ్‌లో గూడింగ్ వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. ఆ రకం తయారైనవే రెండు. ఇలాంటివి చదవడానికి బాగుంటాయి, పట్టికలో ఉండకూడదు.

ఇక "పెరుగుతూనే ఉంటుంది" అనే నమ్మకం గురించి. క్యారల్ షెల్బీ సొంతానికి కట్టించుకున్న 427 కోబ్రా సూపర్ స్నేక్ 2007 స్కాట్స్‌డేల్‌లో ఫీజుతో కలిపి 55 లక్షలకు పోయింది. అదే బండి, అదే వేలంలో, 2015లో 51 లక్షల 15 వేలు. ఎనిమిదేళ్ల భద్రత, బీమా, నిల్వ ఖర్చు దీనికి అదనం. 2007కి ముందు మజిల్ కార్ల (1960, 70ల నాటి పెద్ద ఇంజన్ల అమెరికన్ బండ్ల) ధరలు విపరీతంగా లేచాయి, తర్వాత ఆర్థిక మాంద్యంలో పడ్డాయి. అంత చరిత్ర ఉన్న బండే నిలబడలేకపోతే, మన 40 వేల బండిని పెట్టుబడి అనుకోవడం ఎందుకు? నచ్చి కొనండి, నడపడానికి కొనండి.

5. స్థితికి నిజమైన అంకె వేయండి

హ్యాగర్టీ పట్టికలో నాలుగు మెట్లు. 1 అంటే పోటీల్లో గెలిచే బండి, ప్రపంచంలో ఉన్న మంచివాటిలో ఒకటి. 2 అంటే స్థానిక ప్రదర్శనలో బహుమతి తెచ్చుకునేంత బాగున్నది. 3 అంటే నడుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, దగ్గరికెళ్తే లోపాలు కనిపిస్తాయి. 4 అంటే లోపాలు దూరం నుంచే కనిపిస్తాయి.

అమ్మేవాళ్లందరూ 2 అంటారు. టీవీ దీపాల కింద మెరిసేవాటిలో ఎక్కువ భాగం 3. మీరు 2 అనుకున్నదాన్ని 3గా రాసుకుని మొదలుపెట్టండి, బండి మీ మనసు మార్చాలి. 2కీ 3కీ మధ్య తేడాని రిపేరుతో పూడ్చొచ్చనుకోవద్దు. 3ని 2 చేయడానికి అయ్యే ఖర్చు సాధారణంగా ఆ ధరల తేడా కంటే ఎక్కువే.

పాత బాడీలో కొత్త ఇంజన్, కొత్త బ్రేకులు, ఏసీ పెట్టిన రెస్టోమాడ్‌లు వేరే లెక్క. వాటికి కాగితాల విలువ తక్కువ, పని ఎవరు చేశారన్నదే ముఖ్యం. వాటిని అసలు బండ్ల పట్టికలో కలపకండి.

6. వెళ్లి చూడండి

హాలు వేలాల్లో ప్రివ్యూ సమయం ఉంటుంది. చాండ్లర్, ఫీనిక్స్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు, స్కాట్స్‌డేల్ మీకు అరగంట దూరం. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లండి. కొనకపోయినా పర్వాలేదు, వందల బండ్లు ఒకేచోట చూసే బడి అది.

నా మొదటి బండి, ఒక 1966 మస్టాంగ్, నేను అయస్కాంతం తీసుకెళ్లకుండానే ఒక చిన్న వేలంలో కొన్నాను. నిగనిగలాడే ఎరుపు. మూడు నెలలకు వెనక చక్రం మీద పెయింటు బుడగలా లేచింది. గీకితే వేలు మందాన పుట్టీ, దాని కింద కన్నం. ఆ చక్రం దగ్గర రెండు నిమిషాలు కూర్చుని ఉంటే నాకు తెలిసేది. అప్పటినుంచి ఈ వరస తప్పను:

అయస్కాంతం: వెనక చక్రాల మీది వంపులు, డోర్ల కింది అంచులు, ఫెండర్ల కింది మూలలు. పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. కార్వెట్‌కి ఇది పనిచేయదు, దాని బాడీ ఫైబర్‌గ్లాస్. కార్వెట్‌లో ముందు అద్దం చుట్టూ ఉండే ఉక్కు చట్రం, దాన్ని బర్డ్‌కేజ్ అంటారు, తుప్పు పట్టిందేమో చూడాలి. అది పాడైతే బాగుచేయడం చాలా ఖర్చుతో కూడిన పని.

మస్టాంగ్‌లో ముందు అద్దం కింద గాలి వచ్చే కౌల్ భాగం. అది కుళ్లితే వాన నీళ్లు కాళ్ల దగ్గర కారతాయి. కార్పెట్ ఎత్తనిస్తే ఫ్లోరు చూడండి, తడి వాసన వచ్చినా గుర్తుపెట్టుకోండి. డిక్కీలో మ్యాటు తీసి చూడండి. బ్యాటరీ కింద పళ్లెం చూడండి.

కింద పడుకుని టార్చి వేయండి. అంతా కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ పూసి ఉంటే, అది తుప్పు ఆపడానికో, తుప్పు దాచడానికో అడగండి. డోర్లు, బానెట్, డిక్కీ సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయా చూడండి.

బండి మీది విన్, డోరు దగ్గరి పలక, టైటిల్ అనే యాజమాన్య కాగితం మీది నంబరు, మూడూ అక్షరం అక్షరం కలవాలి. టైటిల్ మీద సాల్వేజ్ ముద్ర (బండి బాగా దెబ్బతిందని చెప్పే గుర్తు) ఉంటే ధర బాగా పడిపోతుంది. నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా, "ఆర్టీవో తప్పు రాసింది" లాంటి జవాబుతో సరిపెట్టుకోకండి. సరిచేసిన టైటిల్ చేతికొచ్చాకే డబ్బు.

సాధారణంగా నడిపి చూడనివ్వరు. అందుకే బండ్లు వేదిక మీదికి కదిలేటప్పుడు పక్కన నిలబడండి. స్టార్ట్ అవ్వడానికి ఎంతసేపు పట్టింది, పొగ ఏ రంగు, గేరు పడేటప్పుడు చప్పుడు ఎలా ఉంది, అన్నీ వినిపిస్తాయి. దూరంలో ఉంటే ఆ మోడల్ తెలిసిన మనిషికి డబ్బిచ్చి చూపించండి. "ఉన్నది ఉన్నట్టు" అన్న షరతు మీద అమ్ముతారు. సుత్తి పడ్డాక ఫిర్యాదుకు చోటు చాలా తక్కువ.

7. చేతిలో ఉన్న మొత్తం నుంచి వెనక్కి లెక్క కట్టండి

మీ దగ్గర మొత్తం 50,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. ముందు తప్పని ఖర్చులు తీసేయండి. ట్రాన్స్‌పోర్టుకి 1,500 (మూసిన ట్రైలర్ అయితే ఎక్కువ), కొత్త టైర్లు, బ్రేకులు, హోసులకి 4,000. ఏ పాత బండికైనా మొదటి ఏడాది ఇది తప్పదని నా అనుభవం. మిగిలింది 44,500.

దీనిలో ఫీజు 10 శాతం, సేల్స్ ట్యాక్స్ 8 శాతం ఉన్నాయి. మీ రాష్ట్రంలో ట్యాక్స్ ఎంతో, ఫీజు మీద కూడా పడుతుందో కనుక్కోండి. నేను జాగ్రత్త కోసం పాట, ఫీజు రెండూ కలిపిన మొత్తం మీదే ట్యాక్స్ వేస్తాను. 1.10ని 1.08తో గుణిస్తే 1.188. 44,500ని 1.188తో భాగిస్తే సుమారు 37,450. అంటే మీ ఆఖరి పాట 37,000.

అదే 50,000 దాకా పాడి ఉంటే? 50,000ని 1.188తో గుణిస్తే 59,400, దానికి 5,500 కలిపితే 64,900. "అరవై దాకా పాడొచ్చా" అని అడిగిన తమ్ముడికి ఇదీ నా జవాబు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. పైన 4వ అంశంలో వేసిన పట్టికలో మీ బండికి సరిపోయే ధర ఫీజుతో కలిపి రాసుకున్నారు కాబట్టి, దాన్ని 1.10తో భాగించి సుత్తి ధరగా మార్చండి. మీ జేబు చెప్పిన ఆఖరి పాట ఇంకొకటి. రెండింటిలో తక్కువది మీ హద్దు. కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

8. పాట రోజు

మన ఊళ్లో చెరువు వేలం పాటల్లో సర్కారు పాట అని ముందే ఒక అంకె చెబుతారు. అది అందరికీ తెలిసిన మొదలు. ఇక్కడి రిజర్వు అలా కాదు, అమ్మే మనిషికీ సంస్థకీ మాత్రమే తెలిసిన రహస్య అంకె. అది రాకపోతే బండి అమ్మరు. బారెట్-జాక్సన్‌లో ఎక్కువ బండ్లు రిజర్వు లేకుండా పోతాయి, మీకమ్‌లో ఎక్కువ వాటికి రిజర్వు ఉంటుంది. రిజర్వు లేని బండి చవగ్గా దొరికే అవకాశం ఉంది, ముఖ్యంగా వారం మొదట్లో, పొద్దున్న, హాలు సగం ఖాళీగా ఉన్నప్పుడు. శనివారం సాయంత్రం టీవీ కెమెరాల ముందు ఆ అవకాశం అడగకండి.

పక్కన నిలబడి చెవిలో ఊదే సహాయకులుంటారు. "ఇంకొక్క వెయ్యి సార్, మీదే" అంటారు. వాళ్ల పని అది, మంచి మనుషులే. మీ చెయ్యి మాత్రం మీ కాగితం చెప్పినట్టు ఆగాలి. నాకైతే భార్యని పక్కన కూర్చోబెట్టుకోవడం బాగా పనిచేసింది. హద్దు రాసిన కాగితం ఆమె చేతిలో ఉంటుంది.

రిజర్వు రాక వెనక్కెళ్లిన బండిని వదిలేయకండి. సంస్థ ఆఫీసులో మీ అంకె చెప్పి రండి. మళ్లీ ట్రైలరెక్కించి ఇంటికి తీసుకెళ్లడం అమ్మేవాళ్లకీ ఖర్చే. అప్పుడు దిగొచ్చేవాళ్లు ఉన్నారు.

ఆన్‌లైన్‌లో అయితే, బ్రింగ్ ఎ ట్రైలర్‌లో చివరి రెండు నిమిషాల్లో పాట పడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు పెరుగుతుంది. ఆఖరి సెకనులో కొట్టేద్దామనే ఎత్తు అక్కడ సాగదు. కింద ఆ మోడల్ తెలిసినవాళ్లు రాసే ప్రశ్నలు అన్నీ చదవండి. ఎవరో అడిగిన ప్రశ్నకి అమ్మేవాళ్లు మూడు రోజులు జవాబు ఇవ్వలేదంటే, ఆ ప్రశ్నే మీ జవాబు.

ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్లకి

హైదరాబాద్‌కో విజయవాడకో పంపాలని అడిగేవాళ్లున్నారు. పాట పాడకముందే కస్టమ్స్ ఏజెంట్ దగ్గర దిగుమతి నిబంధనలు, సుంకం రాతపూర్వకంగా తీసుకోండి. సుంకం బండి ధరని మించిపోగలదు. 2021లో మన దేశంలో 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది, నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తీయొచ్చు గానీ రోజూ ఆఫీసుకి నడపడానికి కాదు.

మీ అంచనా సరైనదో కాదో చూసుకోవడం

డబ్బు పెట్టకముందు ఇది చేయండి. రాబోయే వేలం కేటలాగ్ నుంచి మీ మోడల్‌కి దగ్గరగా ఉన్న పది బండ్లు ఎంచుకోండి. ఫొటోలు, విన్, కాగితాల వివరం చూసి, ఫీజుతో కలిపి ఎంత పలుకుతుందో ఒక్కోదానికీ రాసి, తేదీ వేసి కవరులో పెట్టండి. వేలం అయ్యాక తెరవండి.

పదిలో ఏడు మీ అంకెకి 15 శాతం అటూఇటూ లోపల ఉంటే మీ లెక్క బాగుంది. అన్నీ ఒకేవైపు తప్పితే, మీరు స్థితిని పొరపాటుగా వేస్తున్నారు: అన్నీ మీ అంకె కంటే తక్కువ పలికితే మీరు 3ని 2గా చూస్తున్నట్టు. కొన్ని పైకీ కొన్ని కిందికీ బాగా దూరం పోతే, సాధారణంగా కాగితాల దగ్గర తప్పు జరిగింది. ఆ బండ్ల వివరం మళ్లీ చదవండి, మార్టీ రిపోర్టో, ఇంజన్ నంబరో మీరు గమనించనిది కనిపిస్తుంది. ఒకటి మాత్రమే విపరీతంగా పేలితే, దాన్ని పక్కన పెట్టండి, ఇద్దరు పట్టుదల మనుషులు కలిశారంతే.

ఇలా వరసగా రెండు వేలాలు చేయండి. నేను మూడోసారికి గాని ఏడుకి రాలేదు. కవరులో పెట్టిన అంకెలు, వచ్చిన ధరలు పక్కపక్కన రాసి నాకు పంపితే, ఎక్కడ జారుతున్నారో చూసి చెబుతాను.